ఎఱ్ఱగడ్డపాటి వీరులు, చేర్యాల బొమ్మలు

చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రాజమార్గముపై గూడూరు దాటి, నెల్లూరు చేరకమునుపే మనుబోలులో దిగి నలువైపుల పరికించు బాటసారికి, పచ్చని వరిమళ్లును, లారీల రొదయు, సముద్రము దాపుననే యున్నదని తెలుపు ఉప్పుగాలియు గోచరించునే కాని, ఏడువందల యేండ్లకు పూర్వము ఈ నెల్లూరి రాజ్యమున గడ్డిబీళ్ల కొఱకు మహాసంగ్రామ మొకటి జరిగెననియు, ఆ సంగ్రామము ఇచ్చటికి ఎంతో దూరమున, తెలంగాణపు పల్లెలలో, రంగుల కొయ్యబొమ్మలతో తరతరములుగా మరల మరల నడుచుచు వచ్చినదనియు ఊహకైనను తట్టదు.

కఱవు కాలమున మేతలేక ఆలమందలను తోలుకొని నెల్లూరి సీమకు వచ్చిన యాదవవీరుడు కాటమరాజు, మంద ఈనిన కోడెదూడలను మేతపన్నైన పుల్లరిగా నిచ్చునట్లు ఒడంబడి రాజుగారి బీళ్లలో పశువులను మేపుకొనెను. రాజు ఉంపుడుకత్తె ముచ్చటపడి పెంచిన చిలుక యొకటి ఆవులను బెదరించి గొల్లలచేత ప్రాణములు కోల్పోయినదట. దానికి బదులుగా ఆవులు కొన్ని నేల గూలినవట. పిదప పుల్లరి నిలిచినది, రాయబారములు నడచినవి, కత్తులు దూసిరి. పాలేటి యొడ్డున ఎఱ్ఱగడ్డపాటి బయలు రణరంగమయ్యెను. గొల్లల కథ ఆ రాజును నల్లసిద్ధి యని పిలువగా, చాటుకథలు మనుమసిద్ధి యనును. భారతమును తెనిగించిన తిక్కనసోమయాజికి పెదతండ్రి కుమారుడైన ఖడ్గతిక్కన నెల్లూరి పక్షమున సేనాని. ఒకమారు రణమునుండి మరలి యింటికి వచ్చిన యా బ్రాహ్మణవీరునకు, భార్య స్నానమునకు నీళ్లు పెట్టి, ఆడువారి చాటునకువలె మంచము నడ్డుపెట్టి, పసపుముద్ద నుంచినదనియు, తల్లి విరిగిన పాలు వడ్డించి, మేతకు పోయిన ఆవులును విరిగివచ్చినవన్నట్లు మాటాడినదనియు, ఆ యవమానము సైపలేక అతడు తిరిగి పోయి రణమున నొరిగెననియు చెప్పుదురు. శత్రువుల కత్తికన్న ఇంటి ఆడువారి ఎత్తిపొడుపు పదునైనదని తేల్చిన యీ ఘట్టము చరిత్రయో కల్పనయో కాని, దానివలననే ఖడ్గతిక్కన పేరు తెలుగునాట నిలిచినదనుటలో సందియము లేదు.

పశువుల పేర ఇంత రక్తము చిందిన సీమ కనుకనే కాబోలు, ఈ ప్రాంతపు తెల్లని గిత్తజాతి నేటికిని సముద్రముల కావల బ్రెజిలు దేశమున 'నెలోర్' అను నామముతో కోట్లాదిగ వృద్ధినొందుచున్నది. మనము దానిని ఒంగోలు జాతి యందుము. వారు నెల్లూరి పేరనే నిలిపికొనిరి.

కథను కాపాడినవారు మాత్రము నెల్లూరివారు కారు. వరంగల్లు, కరీంనగరము, నల్లగొండ ప్రాంతములలో మందహెచ్చులవారని యొక తెగ కలదు. గొల్లలకు ఆశ్రితులై, ఏటేట తమకు హక్కైన గ్రామములకు బోయి కాటమరాజు కథను చెప్పుట వారి వృత్తి. కథకుడు పాడుచుండగా బొమ్మలపెట్టె తెఱచి, సందర్భము వచ్చిన కొలదిని ఒక్కొక్క బొమ్మను వెలికిదీసి సభముందు నిలుపుదురు: కాటమరాజు, గంగ, వీరులు, గుఱ్ఱములు, ఆవులు. కథ ముదిరిన కొలదిని కొయ్యసేన పెరుగును. చూచుచుండగనే కంబళిపై యొక రాజ్యము మొలచి నిలుచును. ఈ బొమ్మలను చేయువారు చేర్యాల నకాశీలు. తెల్ల పొణికి కొయ్యను చెక్కి, రంపపుపొట్టును చింతగింజల జిగురుతో కలిపి ముద్దచేసి, దానితో ముక్కు చెవులు, నగలు, తలపాగ మలచి, సుద్ద పూసి, ఎఱ్ఱ పసుపు నీలి రంగులతో తీర్తురు. కులపురాణములను పొడవైన గుడ్డలపై చిత్రించు చేర్యాల పటములు పేరొందినంతగా ఈ బొమ్మలు పేరొందలేదు. అది మన పట్టణవాసుల దృష్టిదోషమే కాని బొమ్మల లోపము కాదు. కాటమరాజు కథలను సేకరించి పరిష్కరించిన తంగిరాల వెంకటసుబ్బారావుగారి గ్రంథము చదివినవారికి ఆ కథాచక్రము ఎంత విశాలమో తెలియును; కాని గ్రంథమున పద్యపాదము లున్నవే కాని పెట్టెలోని బొమ్మలు లేవు.

ఇక పడమటి దేశముల మాట. బొమ్మలతో యుద్ధమాడుట అచ్చట పెద్దల వినోదముగా మాత్రమే కాక రాజకార్యముగను సాగినది. ప్రష్యాలో రైస్విట్జ్ అను రాజోద్యోగి 1812లో రాజునకు యుద్ధక్రీడాఫలకము నొకటి సమర్పింపగా, అతని కుమారుడు 1824లో దానిని పటముపై పాచికలతో, మధ్యస్థుని తీర్పుతో నడచు ఆటగా సంస్కరించి సైన్యమునకు శిక్షణసాధనముగా నొసగెను. శాస్త్రకల్పనా కథలతో ప్రసిద్ధుడైన ఎచ్. జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అను చిన్నపుస్తకము ప్రకటించి, సీసపు సైనికులతో, మీటినంతనే కొయ్యముక్కను విసరు బొమ్మ ఫిరంగులతో, నేలపై ఆడదగు యుద్ధమునకు నిబంధనలు వ్రాసెను. నిజమైన యుద్ధముకన్న ఈ యుద్ధమే మేలైనదని వాదించిన యా పుస్తకము వెలువడిన మరుసటి యేటనే ఐరోపా అంతయు నిజమైన యుద్ధములో మునిగిపోయినది. 1971లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ అనువారు మధ్యయుగపు యుద్ధములకు 'చెయిన్‌మెయిల్' అను నియమావళి వ్రాసి, చివర మాంత్రికులకు, మహానాగులకు, వీరులకు నొక యనుబంధము చేర్చిరి. అందు వీరుడొక్కడు నలుగురు సైనికులకు సమానము, మహావీరుడు ఎనమండుగురికి. 1983లో ఇంగ్లండున 'వార్‌హామర్' వచ్చినది. ఈ నాటికిని అచ్చటి రసికులు కొందఱు, క్రొత్త ముద్రణములును ప్లాస్టిక్ బొమ్మలును విడిచి, ఆ దశకముల నాటి సీసపు బొమ్మలను వెదకి సంపాదించి, పాతరంగు కడిగి క్రొత్తరంగు పూసి, నాటి నియమములతోనే ఆడుచుందురు. అంగుళమునకు మించని పిశాచపు ముఖమున, శిల్పి వ్రేలిగుర్తు కనిపించునని వారికి మురిపెము. వారిని చూచి నవ్వదగదు. పాత హార్మోనియమును విడువని పౌరాణిక నటునికిని వారికిని తేడా యేమి?

మందహెచ్చుల కథనమును, పడమటి యాటలను పక్కపక్కన నుంచి చూచినప్పుడు ఒక విషయము స్పష్టమగును. పడమటివారి యాటలో బొమ్మయు నియమమును జంటగా నుండును; మనకో, రెండును ఉండి విడివిడిగా నున్నవి. నియమముల విషయమున మనము దరిద్రులము కాము. గుడిమండపముల రాతిపలకలపై, రచ్చబండలపై గీయబడిన పులిజూదపు గీతలను చూడని తెలుగువాడుండడు. ఇరువదిమూడు నెలవులు, మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకపై దుమికి చంపును, మేకలు చంపలేవు, చుట్టుముట్టి కదలనీయకుండుటయే వాని గెలుపు. రెండు పక్షములకు రెండు విధముల బలమును, రెండు విధముల గెలుపును విధించు ఇట్టి నిబంధనను గంభీరమైన యుద్ధక్రీడారచయిత లెందఱో ఎంతో శ్రమపడి సాధించిరి. మన మేకలకాపరులకు అది చింతగింజలతో, గులకరాళ్లతో అబ్బినది. చదరంగము మాట చెప్పనేల? రథ గజ తురగ పదాతులను చతురంగబలము పేరనే వెలసి, ఏడవ శతాబ్దిలో బాణుని హర్షచరితమునకే తెలిసినది. కాని చదరంగపు రాజునకు పేరు లేదు, ఊరు లేదు. పులిజూదపు పులి యే యడవిదో ఎవ్వరు నడుగరు. మందహెచ్చుల బొమ్మకో పేరు కలదు, తల్లి కలదు, పగ కలదు. లేనిది పాచిక యొక్కటే.

ఎందుచేత? శిల్పము చేతగాక కాదు, లెక్క రాక కాదు. కాటమరాజు గొల్లలకు కేవలము కథానాయకుడు కాడు, కొలుపులందుకొను వీరుడు. పల్నాటి వీరులకు కారెంపూడిలో ఎట్లు ఉత్సవము జరుగునో అట్లే ఇతనికిని పూజ కలదు. కథవినువాడు ఎవ్వరు గెలుతురోయని రాడు, ఎట్లు పోరాడిరో మరల వినుటకు వచ్చును. ఎఱ్ఱగడ్డపాట ఖడ్గతిక్కన బ్రదికి బయటపడెనని పాచిక చెప్పినచో సభ లేచిపోవును. పల్నాటికథలో మాత్రము ఆట యుద్ధమునకు దారితీసినది: బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ పట్టిన కోడిపందెములో ఓడినవారు ఊరు విడిచి ప్రవాసము పోవలసివచ్చెను. అచ్చటను చూడుడు, జూదము కథలో నున్నదే కాని కథ జూదములో లేదు.

అయినను ఎఱ్ఱగడ్డపాటి యుద్ధమునకు నియమములు వ్రాయబూనువానికి సామగ్రి సమృద్ధిగా దొరకును. రాజు పక్షమునకు కోట, గుఱ్ఱములు, అధికారము; గొల్లల పక్షమునకు ఈటెలు, కుక్కలు, కదలుచుండు మంద. రాజు పుల్లరి వసూలు చేసినచో గెలుచును. గొల్లలు శత్రువును చంపవలసిన పనిలేదు, మందలను ఏరుదాటించిన జాలును. పులిజూదపు రెండంచుల నీతి ఇచ్చట చక్కగా అతుకును. వీరుడొక్కడు నలుగురి పెట్టన్న లెక్కకు ఖడ్గతిక్కనయే సాక్షి. మరి కాటమరాజు మందలోని బొల్లావునకు ఎందఱి బలము కట్టవలెనో గొల్లపెద్దల నడుగవలెను. రణమునుండి పారివచ్చినవానికి ఇంటిలో ఎదురగు పరీక్షకు వేఱుగా నొక పాచిక వేయించుట న్యాయము.

ఆ యాటను మందహెచ్చుల పెట్టెలోని బొమ్మలతో మాత్రము ఆడరాదని నా మతము. అవి పాటకు లేచి నిలుచునవి, పూజలందినవి. ఓడిన పావువలె పక్కకు త్రోయదగినవి కావు. చేర్యాల నకాశీలకు క్రొత్తగా పనియిచ్చి, జానెడుకు మించని బొమ్మలను వేఱుగా చేయించినచో, ఆటగాండ్రకు సేనయు, పనివారికి కూలియు, రెండును కుదురును.