పుట్టినింటి రుచి – మెట్టినింటి వంట



పెండ్లియైన పిమ్మట ఒక యింట రెండు వంటలు కలియును. రాయలసీమలో రాగిసంగటి తిని పెరిగిన పిల్ల గోదావరితీరపు వరియన్నపుటింటికి కోడలుగా వచ్చును. తెలంగాణమున జొన్నరొట్టె కలవాటుపడినవాడు సముద్రతీరమున చేపలపులుసు వండు నింటికి అల్లుడగును. అట్టి చోట ఎవరి వంటను ఎవరు నేర్వవలెనను ప్రశ్న పుట్టును. ఇది యాడువారి ముచ్చట యని నవ్వి త్రోసివేయరాదు. పెక్కు కాపురములలో తొలి మనస్తాపము కంచము కడనే మొలచును. ఈ విషయమున మన పూర్వగ్రంథము లేమి చెప్పుచున్నవో నేడు మనవి చేసెదను. ఇతిహాసములును కావ్యములును శాసనములవంటివి గావు; ఏ యేట నేమి జరిగినదో వాని వలన నిర్ణయింపలేము. కాని యానాటి వారు కాపురమును గూర్చి యేమి తలచిరో వానివలన తెలియును.

మహాభారతమున అరణ్యపర్వమందు ద్రౌపదీ సత్యభామల సంవాద మొకటి గలదు. తెలుగున నీ భాగమును రచించినవాడు ఎఱ్ఱాప్రగడ. శ్రీకృష్ణునితో గూడ వనమునకు వచ్చిన సత్యభామ ద్రౌపదిని ఏకాంతమున నిట్లడిగినది: నీ భర్త లైదుగురును నీకు ఇంత యనుకూలురై యుండుటకు కారణ మేమి? వ్రతమా, మంత్రమా, లేక మందుమాకులా? ఆ ప్రశ్నకు ద్రౌపది నొచ్చుకొన్నది. భార్య మందు పెట్టునని తెలిసిన భర్త, ఇంట పాము చేరినట్లు భయపడుననియు, అట్టి మందులు తిని రోగముల పాలైనవారు గలరనియు మందలించినది. పిమ్మట తన పద్ధతిని వివరించినది. పాత్రలను శుభ్రపఱచి వేళకు అన్నము సిద్ధపఱచుట, అందఱును భుజించిన పిదప తాను భుజించుట, భర్తలు తినని పదార్థమును తానును మానుట, అత్తగారు చెప్పిన కులధర్మములను, పర్వదినముల స్థాలీపాకమును ఏమఱకుండుట – ఇవియే తన మంత్రములని చెప్పినది.

ద్రౌపది పాంచాలరాజు కూతురు. కురువంశపు మర్యాద ఆమెకు పుట్టుకతో వచ్చినది గాదు. కుంతి చెప్పగా నేర్చినది. ఇచట మన పెద్దలు గమనింపవలసిన దొకటి గలదు. చెప్పువారుండిరి గావున ఆమె నేర్చినది. నేర్పక తప్పులెన్ను అత్తగారికి ఈ కథ తోడుపడదు.

ఇక, భర్త రుచి నెఱుగుట భార్య ధర్మము మాత్రమే యని తలచువారు నలోపాఖ్యానమును జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. ఇది నన్నయభట్టు తెనిగించిన భాగములోనిది. దమయంతీ స్వయంవర సమయమున దేవతలు నలునకు వరము లిచ్చిరి. వారిలో యముడు అన్నమునందు రుచిని, ధర్మమునందు నిలుకడను ఇచ్చెను. ఈ రెండును ఒకే దేవుడు ఒకేసారి యిచ్చుట గమనింపదగినది. నిషధరాజగు నలుడు జూదమున రాజ్యము గోల్పోయి, అడవిలో భార్యను విడిచి, వికృతరూపుడై, బాహుకుడను పేర అయోధ్యలో ఋతుపర్ణుని కొలువున జేరెను. తుద కా రాజును రథముపై విదర్భదేశమునకు గొనివచ్చెను. అతనిపై దమయంతికి అనుమానము గలిగినది. రూపము సాక్ష్యమీయదు. అప్పు డామె తన చెలికత్తె కేశినిని బంపి, బాహుకుడు వండిన మాంసములో గొంచెము తెప్పించుకొని రుచి చూచినది. పూర్వము పలుమాఱులు తిన్న రుచియే యది. వండినవాడు నలుడే యని యామె గుర్తించి దుఃఖించినది.

ఆ మాంసము విదర్భరాజు పంపినది, దమయంతి పుట్టినింటిదే. అయినను ఆమె గుర్తించినది భర్త చేతిరుచిని. రాజై యుండియు నతడు వండి పెట్టగా నామె పలుమాఱులు తినియున్నది గనుకనే, రూపము మాఱినను, రాజ్యము పోయినను, ఆ గుర్తు నిలిచినది. నలపాకమని మన మాడుకొను మాట వెనుక నున్న దిది: మగవాడు వంటయింటిలో అడుగిడుట చిన్నతనమని మన పూర్వులు తలపలేదు.

మూడవ కథ దండి రచించిన దశకుమారచరితము లోనిది. దండి పల్లవుల నాటి కాంచీపురమునకు జెందినవాడు. ఆ గ్రంథమును 13వ శతాబ్దమున కేతన తెనిగించి తిక్కన కంకితమిచ్చెను. అందులో గోమిని కథ వచ్చును. కాంచీపురపు వర్తకుని కుమారుడు శక్తికుమారుడు తగిన భార్యకై వెదకుచు, జోస్యుని వేషమున, ప్రస్థమను చిన్నకొలతెడు వడ్లు కొంగున గట్టుకొని ఊరూర తిరిగెను. కన్యను చూపినచో, ఈ వడ్లతో నాకు సంపూర్ణమైన భోజనము పెట్టగలవా యని యడుగును. అందఱును నవ్వి పంపివేసిరి. కావేరీతీరమున నొక పట్టణములో తల్లిదండ్రులును సంపదయు లేని గోమిని మాత్రము సరే యన్నది.

ఆమె వడ్లను ఎండబెట్టి, పొట్టు నలుగకుండ గింజ వేఱుచేసి, నగలు మెఱుగుపెట్టుటకై కంసాలులు కొందురని ఆ పొట్టును దాదిచేత నమ్మించి, వచ్చిన గవ్వలతో కట్టెలు, కుండ, రెండు మూకుళ్లు తెప్పించినది. బియ్యము దంచి, కడిగి, ఐదింతలు నీరు పోసి వండినది. అన్నమైన పిదప నిప్పులపై నీరు చల్లి ఆ బొగ్గులను గూడ నమ్మించి, కూరలు, నేయి, పెరుగు, నూనె, ఉసిరిక, చింతపండు తెప్పించినది. అతిథికి ముందుగా తలంటునకు నూనెయు ఉసిరికయు నిచ్చి, తరువాత అరటియాకున గంజి, అటుపై నేతితో అన్నము, పప్పు, కూర, తుదకు పెరుగు, చల్ల వడ్డించినది. తృప్తుడైన శక్తికుమారుడు ఆమెను పెండ్లాడెను.

ఈ కథను చెప్పి పిల్లలకు పొదుపు నేర్పుట మన బడులలో పరిపాటి. కాని కథ యంతటితో ముగియలేదు. పెండ్లియైన పిమ్మట నాతడు గోమినిని నిర్లక్ష్యము చేసి యొక వేశ్యను ఇంటికి దెచ్చెను. గోమిని ఓర్చి, ఇల్లు చక్కదిద్ది, తుదకు ఆతని మనసు గెలిచినది. దండి ఇందు భార్యాగుణమును మెచ్చెను. మెచ్చదగినదే. అయినను పరీక్ష ఒక్క వంకనే జరిగినదని మనము చెప్పుకొనక తప్పదు. ఆమె చేతి యన్నము నాతడు పరీక్షించెను. ఆతని గుణము నామె పరీక్షించుటకు ఎవరును వేళ యీయలేదు. నలుని కథ పక్కన ఈ కథ నుంచి చూచిన, రెండింటి తారతమ్యము తెలియును.

మఱియొక మాట. మా యింటి వంట తాతముత్తాతల నాటిది, దానిని మార్చరాదని కొందఱు పట్టుపట్టుదురు. కల్యాణపురము నేలిన చాళుక్యరాజు సోమేశ్వరుడు క్రీ.శ. 1129 ప్రాంతమున మానసోల్లాసమను గ్రంథము రచించి, అందు భక్ష్యభోజ్యముల నెన్నింటినో వర్ణించెను. నేటి యిడ్డెనకు పూర్వరూపమగు ఇడ్డరిక అందు మినుములతోనే చేయబడినది, బియ్యము చేరలేదు. కారమునకు మిరియములే గాని మిరపకాయ లేదు. మిరప అమెరికాఖండపు మొక్క. 1498లో వాస్కోడిగామా కోళికోడు చేరిన పిమ్మట పోర్చుగీసు ఓడల వెంట ఈ దేశమునకు వచ్చినది. బంగాళాదుంపయు, టమాటాయు ఆ ఖండము నుండి వచ్చినవే. నేడు గుంటూరు మిరపకు పేరుగాంచినది. మిరపపొడి లేని ఆవకాయను మన మూహింపలేము. అంత దూరము నుండి వచ్చిన కాయకు ఇంట చోటిచ్చిన మనము, ప్రక్కజిల్లా నుండి వచ్చిన కోడలి చేతి పులుసునకు చోటీయకుండుట న్యాయమా?

కావున పెద్దలకు నా మనవి యిది. క్రొత్తకోడలు వచ్చిన నాడే మన వంట నేర్వలేదని నిందింపక, వారమున నొకనాడు ఆమె పుట్టినింటి వంట చేయుమని కోరుడు. ఆమె వండినది మీరు ముందుగా తినుడు. కుమారుని కూడ ఆనాడు వంటయింటికి బంపుడు. సంగటి కెలుకుటయో, రొట్టె తట్టుటయో ఆమె వలన నేర్చుకొని, ఒకనాడు తానే వండి ఆమెకు వడ్డింపవలెను. ఉప్పు హెచ్చినను, రొట్టె మాడినను ఆమె నవ్వి తినును. దూరపుటూరిలో తన తల్లి చేయు వంటను భర్త శ్రమపడి నేర్చెనని యెఱిగిన యిల్లాలికి, ఆ యిల్లు పరాయి యిల్లుగా తోపదు.