కోనసీమ పాత ఇళ్ళు, మరికొన్ని ఆనవాళ్ళు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు పెన్షను రూల్సు మీద వ్రాద్దామనుకున్నాను. అవి నాకంటె బాగా తెలిసినవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత ముప్పై ఆరేళ్ళ సర్వీసులో అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో తిరుగుతూ నేను చూచిన పాత ఇళ్ళ గురించి, కట్టడాల గురించి నాలుగు మాటలు వ్రాస్తున్నాను. 2022 ఏప్రిల్ 4న మనకు వేరే జిల్లా వచ్చింది. తరువాత దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు కూడ చేరింది. ఆఫీసులు వచ్చాయి, బోర్డులు వచ్చాయి. ఏ ఇల్లు ఎప్పటిదో చెప్పగలిగిన పెద్దలు మాత్రం ఊరికి ఒకరిద్దరు కూడ మిగలడం లేదు.

ఇళ్ళకంటె ముందు నీళ్ళ సంగతి చెప్పాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కు పూర్తయింది. అంతవరకు గోదావరి పక్కనే పారుతున్నా పొలానికి నీరు దైవాధీనం. కాలువలు వచ్చాక వరి నిలబడింది, మెరకల మీద కొబ్బరి తోటలు లేచాయి, చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. నేను చూచిన పెద్ద లోగిళ్ళలో ఎక్కువ భాగం ఆ తరువాతి కాలానివే. ఇంటి యజమాని పేరు గుమ్మం మీద ఉన్నా, ఇల్లు కట్టించింది కాలువ అంటాను.

లొల్ల లాకుల దగ్గర నిలబడితే ఈ మాట ఇట్టే అర్థమవుతుంది. పెద్ద కాలువ అక్కడ చీలి కోనసీమలోకి దిగుతుంది. ఈనాటి పిల్లలకు లొల్ల లాకులంటే సినిమా షూటింగు జరిగే చోటు. మా చిన్నతనంలో లాకు అంటే పడవ ఆగే చోటు. పై నీటికి, కింది నీటికి మట్టం సరిపోయేదాక తలుపులు మూసి ఉంచేవారు. ఆ కాసేపట్లో సరంగు చుట్ట ముట్టించేవాడు, ప్రయాణీకులు గట్టుమీద ఫలహారం కానిచ్చేవారు. ధాన్యం, కొబ్బరి, కలప, పెళ్ళివారు, అందరూ కాలువ మీదనే.

ఇక గన్నవరం అక్విడక్టు. వైనతేయ పాయకు అవతల ఉన్న నగరం దీవికి, అనగా రాజోలు ప్రాంతానికి, కాలువ నీరు అందించడమెట్లా అన్నది కాటన్ దొరగారి ముందున్న చిక్కు. ఏటిమీద వంతెన వేసి దానిమీద మనుషులను నడిపించడం ఎవరైనా చేస్తారు. కాలువనే నడిపించారు. హేగ్ అనే లెఫ్టినెంటు ఆధ్వర్యంలో 1850ల తొలి సంవత్సరాలలో ఇటుకతో, సున్నంతో 49 కమానులు కట్టారు. ఒక్కొక్క కమాను వెడల్పు 40 అడుగులు. కింద ఏరు, పైన కాలువ. సుమారు నూట యాభై ఏళ్ళు ఆ ఇటుక కమానుల మీదుగానే రాజోలు పొలాలకు నీరు వెళ్ళింది. 2000 సంవత్సరంలో పక్కన కొత్త అక్విడక్టు వచ్చింది. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ప్రభుత్వం పెట్టిన పేర్లలో నాకు నూటికి నూరుపాళ్ళు నచ్చిన పేరు అది.

సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. డొక్కా జోగన్నగారి ఇల్లాలుగా లంకల గన్నవరం వచ్చారు. అంతర్వేది తీర్థానికి వెళ్ళేవారికి, ఏరు దాటేవారికి ఆ ఊరే దారి. రేవులో పడవ తప్పిపోయినవాడు ఏ వేళ తలుపు తట్టినా ఆ ఇంట అన్నం ఉండేది. కులం అడిగేవారు కాదని పెద్దలు చెప్పేవారు. ఒకసారి తానే అంతర్వేది బయలుదేరి, దారిలో ఆకలిగొన్న పెళ్ళివారు తన ఇంటికే వస్తున్నారని విని వెనుదిరిగి వచ్చి వండి వడ్డించారని చెప్పుకుంటారు. ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవాలకు ఆహ్వానం వస్తే ఆమె కదలలేదనీ, ఫోటో తీసి తీసుకువెళ్ళారనీ అంటారు. 1909లో కాలం చేశారు. 2024 నుండి బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరే పెట్టారు. చరిత్రలో నిలిచిన ఇల్లు అంటే కోటలు, దివాణాలే కానక్కరలేదు. కోనసీమలో అట్టి ఇల్లు ఒక వంటిల్లు.

మండువా లోగిలి చూడని పిల్లల కోసం కొంచెం వివరంగా వ్రాస్తాను. వీధివైపు రెండు అరుగులు. వాటి మీద బాటసారి పడుకోవచ్చు, పంతులుగారు బడి పెట్టవచ్చు, తగవు తీర్చవచ్చు. గుమ్మం దాటితే నడవా, ఆపైన నాలుగువైపులా సావిళ్ళు, నడుమ ఆకాశం కనబడే మండువా. నాలుగు పక్కల కప్పూ లోపలికే వాలి ఉంటుంది. వానకు నీళ్ళు నాలుగు వైపుల నుండి మండువాలో పడి, తూము ద్వారా పెరటి తోటలోకి పోతాయి. మూలల్లో గంగాళాలు పెట్టి ఆ నీరు పట్టుకునేవారు. వెలుగు, గాలి అక్కడినుండే. ఫ్యాను లేని రోజుల్లో మే నెల మధ్యాహ్నం కూడ ఆ సావిట్లో నిద్రపట్టేది. స్తంభాలకు, దూలాలకు టేకు ఎగువ అడవులనుండి గోదావరి మీద తెప్పలుగా వచ్చేది. వాసాలకు చేవ తాడి, గోడకు ఇటుక, గానుగ సున్నం. అటక ఎందుకయ్యా అంటే, వరద వస్తే ధాన్యం, పత్రాలు, ముసలివాళ్ళు ఎక్కడానికి.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ ఇళ్ళకు మట్టి తొక్కినవారు, పెంకులు మోసినవారు చాలామంది అరుగు దాటి లోపలికి వెళ్ళిన పాపాన పోలేదు. పెరటి దారిన వచ్చి పెరటి దారినే వెళ్ళారు. లోగిళ్ళ వైభవం వ్రాసేటప్పుడు ఇది కూడ వ్రాయాలి.

రెవెన్యూవారికి కరణంగారి ఇల్లే ఆఫీసు. అడంగలు, ఎఫ్.ఎం.బి., శిస్తు లెక్కలు, ఊరి పటము అన్నీ ఆయన భోషాణంలో. 1984 జనవరిలో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయినప్పుడు రికార్డులు స్వాధీనం చేసుకోవడానికి నేనూ కొన్ని ఊళ్ళు తిరిగాను. ఒక ఊళ్ళో డెబ్బై ఏళ్ళు దాటిన కరణంగారు కట్టలన్నీ ముందుగానే అరుగు మీద వరుసగా పేర్చి, ఒక్కొక్కటి చదివి, సంతకం తీసుకుని అప్పగించారు. ఆఖరికి ఖాళీ భోషాణం మూత వేసి తాళం కూడ ఇవ్వబోయారు. "భోషాణం మీదేనండి" అన్నాను. "ఇంక దానితో నాకేం పని బాబూ" అన్నారు. మరుసటి ఏడాది తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి.

ఈ ఇళ్ళు ఎందుకు పోతున్నాయి? భూపరిమితి చట్టం 1975 నుండి అమలులోకి వచ్చాక వంద ఎకరాల రాబడితో నిలిచిన ఇల్లు పాతిక ఎకరాల మీద నిలవవలసి వచ్చింది. ఆడపిల్లలకూ వాటా వచ్చింది. అది న్యాయమే, నాకూ కూతుళ్ళున్నారు. కాని పదిహేడుమంది వారసులున్న ఇంటికి ఏటేటా వానలకు ముందు పెంకు ఎవరు నేయించాలి? ఒక్క పెంకు పగిలితే చుక్క, చుక్క పడితే వాసం, వాసం కుళ్ళితే చెదలు. ఇల్లు పడగొట్టేది మనుషులు కాదు, ఆ మొదటి చుక్క.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను గురించి మీకెవరికీ చెప్పనక్కరలేదు. వెయ్యిమందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగాయి. నష్టాల లెక్కల డ్యూటీలో ఉన్నప్పుడు చూచాను, పెంకులు లేచిపోయినా లోగిలి దూలాలు కదలలేదు. పాకలు పోయినవారంతా ఆ రాత్రి ఆ సావిళ్ళలోనే తలదాచుకున్నారు. అరుగు దాటనివ్వని గుమ్మాలు కొన్ని ఆ రాత్రే మొదటిసారి అందరికీ తెరుచుకున్నాయని ఒక లంక గ్రామంలో విన్నాను. ఇప్పటికీ మన ఊళ్ళలో "బ్లోఅవుటుకి ముందు", "తుఫాను తరువాత" అనే కాలం లెక్కిస్తారు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో లేచిన మంట అరవై అయిదు రోజులు ఆరలేదు కదా.

గుడుల సంగతి వేరే వ్యాసమవుతుంది. అంతర్వేది రథం 2020 సెప్టెంబరులో కాలిపోయినప్పుడు ఊరూరా కన్నీరు పెట్టారు, నెలల్లో కొత్త రథం తయారై 2021లో కదిలింది. జగ్గన్నతోట ప్రభలు 2023 రిపబ్లిక్ డేకు ఢిల్లీ వీధుల్లో శకటంగా నడిచాయి. దేవుడి వస్తువుకు అడిగేవారుంటారు. ఇళ్ళకు లేరు.

మా తాతగారి లోగిలి 2011లో కలప లెక్కన అమ్ముడుపోయింది. దూలాలు, ద్వారబంధాలు లారీ ఎక్కి ఏదో హోటలుకు వెళ్ళాయని తెలిసింది. వాటాదారులందరం కలిసే సంతకాలు పెట్టాం. అప్పులున్నవారు ఉన్నారు, తప్పలేదు. వీధి గుమ్మం గడప ఒక్కటి నేను అడిగి తెచ్చుకున్నాను.

సభ్యులకు ఒక విన్నపం. మీ ఇంట గాని, మీ చుట్టాల ఇంట గాని పాత లోగిలి ఇంకా నిలిచి ఉంటే ఒక ఫోటో తీయించి, వెనుక ఊరు, వీధి, కట్టిన సంవత్సరం, కట్టించినవారి పేరు, తెలిసినంతవరకు వడ్రంగి, తాపీ మేస్త్రీల పేర్లు కూడ వ్రాసి సంఘం ఆఫీసులో ఇవ్వండి. మండువా పొడవు, వెడల్పు అడుగులలో కొలిచి వేయండి. పడగొట్టేసిన ఇల్లయినా ఫరవాలేదు, పాత పెళ్ళి ఫోటోలో వెనకాల కనబడుతూ ఉంటుంది.