కొండ కింద గీసిన గీత: కృష్ణదేవిపేట చెప్పే భూమి పాఠం



డిగ్రీ అయ్యాక ఏం చెయ్యాలి అంటే మనం టీచరు, పోలీసు, బ్యాంకు అంటాం. భూమి ఆఫీసు మాట తక్కువగా వస్తుంది. మన చరిత్ర చూస్తే అదే ముందు రావాలి.

1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల చట్టం తెచ్చింది. ఏజెంటు అనుమతి లేకుండా కొండవాళ్ళ భూమి బయటివాళ్ళకి పోకూడదు. కాగితం మీద మంచి చట్టమే. కానీ అప్పుడు గూడెంలో కుర్చీ ఎవరిది? డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్‌ది. రోడ్డు పనికి మనోళ్ళని బలవంతంగా దింపి, కూలి సరిగా ఇవ్వలేదు. అటవీ ఆంక్షలతో పోడు మీదా దెబ్బ పడింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు, గాం సోదరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా దాడి చేశారంటే వెనకాల ఉన్న కోపం ఇదే. 1924 మే 7న రాజుని చంపాక దహనం చేసింది కృష్ణదేవిపేటలోనే.

ఇప్పుడు అసలు విషయం. 1950లో షెడ్యూల్డ్ ప్రాంతాల ఉత్తర్వు వచ్చింది. విశాఖ ఏజెన్సీని అందులో చేర్చారు గానీ, కొన్ని ఊళ్ళని పేరుపెట్టి మినహాయించారు. ఆ జాబితాలో కృష్ణదేవిపేట ఉంది! గొలుగొండపేట, గుణుపూడి కూడా ఉన్నాయి.

ఆ గీత ఖరీదు 1970లో తెలిసింది. 1/70 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి బదిలీ చెల్లదు. వాళ్ళ చేతిలో ఉన్న భూమి, వేరేలా రుజువయ్యేదాకా, గిరిజనుల నుంచి వచ్చిందనే లెక్క. 1997 సమతా తీర్పులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా ఆ భూములని ప్రైవేటు గనుల కంపెనీలకి లీజుకివ్వకూడదంది. ఆ కేసు మొదలైంది మన పక్కనున్న అనంతగిరి కొండల్లోనే. కానీ గీత కిందున్న మన కుటుంబాలకి 1/70 వర్తించదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి, ఏజెన్సీ మండలాలు అల్లూరి జిల్లాకి వెళ్ళాయి. గొలుగొండ లాంటి మండలాల్లోని మన గూడేలు అనకాపల్లి జిల్లాలో మిగిలాయి.

అయితే చేతిలో ఏమీ లేదనుకోవద్దు. 2006 అటవీ హక్కుల చట్టానికి ఈ గీతతో పని లేదు. 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి సాగులో ఉన్న గిరిజన కుటుంబం ఎక్కడున్నా, 4 హెక్టార్ల దాకా హక్కు అడగొచ్చు. కాగితాలే కావాలని లేదు. పొలం గట్లు, బావులు, పెద్దల సమాధులు, ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. కాకపోతే వాటిని రాసి, కొలిచి, మ్యాపు గీసి పైకి పంపే మనిషి కావాలి.

ఆ మనిషి మనలోంచే రావాలి. డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ఐటీఐ, సివిల్ డిప్లొమా చేసినవాళ్ళు సర్వేయరు వైపు చూడండి. డిగ్రీ ఉంటే గ్రూప్-2లో డిప్యూటీ తహశీల్దారు, గ్రూప్-1లో డిప్యూటీ కలెక్టరు ఉన్నాయి. లా చదివితే భూమి కేసులు వాదించొచ్చు. ఉద్యోగం వచ్చేలోపే అడంగల్, 1బి, ఎఫ్ఎంబీ చదవడం నేర్చుకోండి. మీ ఊరి అటవీ హక్కుల కమిటీలో కూర్చుని రాతపని చెయ్యండి.

ఉద్యోగం రాగానే అన్యాయం పోదు. పైనుంచి ఒత్తిడి ఉంటుంది, బదిలీలు ఉంటాయి. కానీ బాస్టియన్ కూర్చున్న కుర్చీ కూడా డిప్యూటీ తహశీల్దారుదే. ఈసారి అందులో అడంగల్ చదవగల మన పిల్ల కూర్చోవాలి.

జై ఆదివాసీ.