ఫోర్స్ జెడ్ (నౌకాయుద్ధ వార్‌గేమ్ ఘట్టం)

నమూనా ఓడలతోనో అట్టబిళ్లలతోనో బల్ల మీద ఆడే నౌకాయుద్ధ వార్‌గేమ్‌లకు సింగపూర్ అందించిన ముఖ్య ఘట్టం ఫోర్స్ జెడ్. 1941 డిసెంబరు 8 సాయంత్రం బ్రిటిష్ అడ్మిరల్ టామ్ ఫిలిప్స్ నాయకత్వంలో ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే పెద్ద యుద్ధనౌకలు, నాలుగు డిస్ట్రాయర్లు సింగపూర్ నౌకాస్థావరం విడిచాయి. ఈ దళం పేరే ఫోర్స్ జెడ్. మలయా, థాయిలాండ్ తీరాల్లో దిగుతున్న జపాన్ సేనల రవాణా ఓడలను దెబ్బతీయడం వాటి పని. 10వ తేదీన కువాంటాన్ తీరానికి దూరంగా, జపాన్ విమానాలు వేసిన టార్పెడోలకూ బాంబులకూ రెండు పెద్ద ఓడలూ మునిగిపోయాయి. 840 మంది చనిపోయారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది.

నౌకాయుద్ధ వార్‌గేమ్‌లలో పేరుపొందిన తొలి నియమావళుల్లో ఒకటి ఇంగ్లండులో ఫ్రెడ్ జేన్ 1898లో ప్రచురించినది. ఎదుటి ఓడ బొమ్మ గీసిన అట్ట మీద సూది అమర్చిన కొయ్యబద్దతో కొట్టి, రంధ్రం పడినచోటే గుండు తగిలినట్టు లెక్కించేవారు. అమెరికా రచయిత ఫ్లెచర్ ప్రాట్ ఆటలో దూరాన్ని కంటిచూపుతో అంచనా వేసి చెప్పాకే టేపుతో కొలవాలి. ఫిరంగి గురి ఎంత కష్టమో ఆటగాడికి అక్కడే అర్థమవుతుంది. 1977లో అవలాన్ హిల్ సంస్థ తెచ్చిన విక్టరీ ఇన్ ది పసిఫిక్‌లో యుద్ధమంతా ఎనిమిది వంతుల్లో ముగుస్తుంది. ఒక్కో బిళ్ల మీద ఓడ దాడి బలం, కవచం, వేగం అంకెల్లో ఉంటాయి.

ఫోర్స్ జెడ్ మీద డిసెంబరు 10వ తేదీన జరిగిన పగటి దాడిని ఉన్నదున్నట్టు ఆడితే ఆట చప్పబడిపోతుంది. ఎనభైకి పైగా విమానాలు విరుచుకుపడుతుంటే బ్రిటిష్ ఆటగాడికి ఓడను అటూ ఇటూ తిప్పడం మినహా చేయగలిగింది పెద్దగా లేదు. అందుకు విరుగుడుగా, జమైకా దగ్గర నేలతట్టి ఆగిపోయిన ఇండామిటబుల్ విమానవాహక నౌక సమయానికి వచ్చి ఉంటే అన్న ఊహను చేర్చవచ్చు. సింగపూర్‌లోని సెంబావాంగ్ వైమానిక స్థావరం నుంచి యుద్ధవిమానాలను ఫిలిప్స్ ముందే పిలిపించి ఉంటే అన్నది మరో ఊహ.

ఏ ఊహా అక్కర్లేనిది 9వ తేదీ రాత్రి. జపాన్ విమానం ఒకటి తమ నౌకాధిపతి ఒజావా ఉన్న చోకాయ్ క్రూజర్‌నే శత్రునౌక అనుకుని దాని మీద వెలుగుదివ్వె వదిలింది. కొద్ది మైళ్ల దూరంలో ఆ వెలుగు చూసిన ఫోర్స్ జెడ్ దిశ మార్చుకుని తప్పుకుంది. ఒకరి ఉనికి ఒకరికి సరిగా తెలియని ఈ చీకటి పోరే బల్ల మీదికి రావలసిన అసలు ఘట్టం. దీనికి మధ్యవర్తి తప్పనిసరి. ఇద్దరు ఆటగాళ్లూ వేర్వేరు పటాల మీద కదలాలి. కంటబడ్డ ఓడను మాత్రమే బల్ల మీద పెట్టాలి. ఇద్దరికీ అన్నీ కనిపిస్తుంటే ఈ ఘట్టం ఆడినట్టే కాదు.

ఆ రాత్రి తప్పించుకున్న ఒజావా దళమే నాలుగు నెలల తర్వాత బంగాళాఖాతంలోకి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసింది ఆ దళంలోని ర్యూజో నౌక విమానాలే.