కృతజ్ఞతా దినము – ప్లిమత్ విందు



నవంబరు నాల్గవ గురువారమున అమెరికా సంయుక్త రాష్ట్రములందు దూరదేశముల నున్న బిడ్డలు సైతము తలిదండ్రుల యింటికి చేరుదురు. టర్కీ కోడిని కాల్చి, గుమ్మడికాయతో తీపి భక్ష్యము చేసి, ఇంటిల్లిపాదియు నొక్కచో గూర్చుండి భుజింతురు. దీనికి థాంక్స్‌గివింగ్, అనగా కృతజ్ఞతా దినమని పేరు.

1620వ సంవత్సరమున మేఫ్లవర్ అను నోడలో 102 మంది ప్రయాణికులు, కొందరు మతస్వాతంత్ర్యమును, కొందరు జీవనోపాధిని గోరి, ఇంగ్లండునుండి బయలుదేరి ప్లిమత్ తీరమున దిగిరి. తొలి శీతకాలము గడచునప్పటికి వారిలో సుమారు సగము మంది మరణించిరి.

మిగిలినవారికి తోడ్పడినవాడు టిస్క్వాంటం అను నా దేశీయుడు. అతని కథ వినదగినది. 1614లో ఒక యాంగ్ల నావికుడు అతనిని మోసపుచ్చి యోడ నెక్కించి, స్పెయిను దేశమున బానిసగా అమ్మజూచెను. అతడెట్లో తప్పించుకొని ఇంగ్లండు చేరి, ఆ భాష నేర్చి, 1619లో స్వగ్రామమునకు వచ్చి చూడగా ఊరు లేదు! తెల్లవారి రాకతో వ్యాపించిన మహమ్మారి ఆ పటక్సెట్ గ్రామమును నిర్మూలము చేసెను. ఆంగ్లేయులు ఇండ్లు కట్టుకొన్నది ఆ పాటిదిబ్బ మీదనే. తనవారు దున్నిన నేలయందే నిలిచి, తన్ను చెరపట్టిన జాతివారికి, మొక్కజొన్న పాదులలో చేపలను ఎరువుగా వేయు విధమును అతడు నేర్పెను. (మన మొక్కజొన్నయు, మనము కూర వండుకొను తీపిగుమ్మడియు ఆ ఖండమునుండి వచ్చినవే సుమా!)

1621లో పంట చేతికి వచ్చెను. వాంపనోగ్ జాతినాయకుడగు మసాసోయిట్ సుమారు 90 మంది అనుచరులతో వచ్చెను. వారు ఐదు జింకలను వేటాడి తెచ్చి యొసగిరి. విందు మూడు దినములు సాగెను. అందున్న ఎడ్వర్డ్ విన్‌స్లో వ్రాసిన లేఖలో పక్షుల వేట ప్రసక్తి కలదు గాని టర్కీ కోడి పేరు లేదు.

ఆ స్నేహము ఒక తరము మాత్రమే నిలిచెను. వలసవారి భూదాహము పెరిగి, 1675లో మసాసోయిట్ కుమారుడు మెటాకమ్‌తో ఘోరయుద్ధము సంభవించెను. మరుసటి యేడు అతనిని చంపి, శిరస్సును కొయ్యకు గ్రుచ్చి ప్లిమత్‌లో నిలిపిరి. తండ్రి విందారగించిన యూరిలోనే!

1863లో, అంతర్యుద్ధ మధ్యమున, సారా జోసెఫా హేల్ అను పత్రికా సంపాదకురాలు చిరకాలముగా చేసిన విన్నపముల మీదట అధ్యక్షుడు లింకన్ ఈ దినమును దేశమునకెల్ల పండుగగా ప్రకటించెను. నాల్గవ గురువారమను నిర్ణయము 1941 నాటి శాసనము.

1970 మొదలుకొని అదే దినమున మూలవాసులు ప్లిమత్‌లోని కోల్స్ హిల్ అను గుట్టమీద, మసాసోయిట్ విగ్రహము చెంత గుమిగూడి సంతాపదినము జరుపుచున్నారు. తొలి శీతకాలమున మృతులైన యాంగ్లేయులను పాతిపెట్టినదియు ఆ గుట్టమీదనే.