ఆకాశమునుండి దిగివచ్చు రేడియో తరంగముల దిశ

ఇంగ్లండునుండి పంపిన రేడియో సంకేతమును అట్లాంటిక్ సముద్రమున కావలనున్న న్యూఫౌండ్లాండులో విన్నట్లు 1901 డిసెంబరులో మార్కోని ప్రకటించెను. తరంగములు తిన్నగా పోవునవి, భూమి గుండ్రనిది. మరి సంకేతము సముద్రపు వంపును దాటి ఎట్లు చేరినది? ఆకాశమున విద్యుత్ వాహకమగు పొర యొకటి ఉండవచ్చునని 1902లో కెనెల్లీ, హెవిసైడ్ అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా సూచించిరి. అయితే సూచన వేరు, నిదర్శనము వేరు. కంటికి కనబడని అద్దము పైనున్నదని నిరూపింపవలెనన్న, తరంగము పైనుండియే వచ్చుచున్నదని కొలిచి చూపవలెను.

తొలి జాడ ఒక చిక్కు రూపమున కనబడినది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున (1914–18) ప్రసారిణి ఉన్న దిక్కును తెలిసికొనుటకు చట్రపు ఏరియల్ వాడుచుండిరి. చట్రమును త్రిప్పుచుండగా ఒక స్థితిలో ధ్వని అణగిపోవును. దానినిబట్టి దిక్కు తెలియును. పగలు సరిగా చూపిన ఈ సాధనము రాత్రివేళ తప్పు దిక్కు చూపెడిది. దానిని నమ్మిన ఓడకు, విమానమునకు అపాయమే. పైనుండి దిగివచ్చు తరంగములో విద్యుత్ క్షేత్రము కొంత అడ్డముగా నుండి, చట్రపు అడ్డుతీగలలోను విద్యుత్తును పుట్టించుటయే ఇందుకు కారణము. పగలు క్రింది పొర ఈ తరంగములను హరించుటచే చిక్కు లేదు. 1919లో పేటెంటు పొందిన ఆడ్‌కాక్ పద్ధతిలో, ఎడముగా నిలిపిన నిలువు ఏరియళ్ళను మాత్రమే వాడి ఈ దోషమును చాలవరకు తొలగించిరి.

1924 డిసెంబరులో ఆపిల్టన్, బార్నెట్ అనువారు బోర్న్‌మత్‌లోని బి.బి.సి. ప్రసారిణి పౌనఃపున్యమును కొద్దిగా మార్పించుచు, ఆక్స్‌ఫర్డులో సంకేతబలము హెచ్చుతగ్గులగుటను గమనించిరి. నేలవెంట వచ్చిన తరంగము, మరియొక దారిని వచ్చిన తరంగము కలిసికొనుటచే ఇట్లగును. ఆ రెండవ దారి పైదారియేనా? నిలువు ఏరియల్ దిగివచ్చు తరంగమును కొంతమాత్రమే గ్రహించును. చట్రము పూర్తిగా గ్రహించును. రెండింటిని పోల్చిచూడగా చట్రములోనే హెచ్చుతగ్గులు అధికముగా కనబడినవి. 1925లో ఈ ఫలితము వెలువడినది. అయనోవరణ పరిశోధనకు ఆపిల్టన్ 1947లో నోబెల్ బహుమతి పొందెను.

విద్యార్థులు ఈ కోణమును తామే లెక్కింపవచ్చును. రంగారెడ్డి జిల్లా కందుకూరునకు విజయవాడ తిన్నని దారిలో దాదాపు 240 కిలోమీటర్లు. రాత్రి విజయవాడనుండి బయలుదేరిన తరంగము 100 కిలోమీటర్ల ఎత్తున, నడిమిదారిలో పరావర్తనము చెందినదనుకొందము. 100ని 120చే భాగించిన కోణపు టాంజెంటు వచ్చును. భూమి వంపును విడిచినచో, తరంగము కందుకూరులో నేలకు దాదాపు 40 డిగ్రీల కోణమున దిగును.

అయితే ఈ అద్దము నున్ననిది కాదు, కదలనిది కాదు. ఎగుడుదిగుడులచే పలు కిరణములు కొద్దికొద్ది భేదముగల దిశలనుండి వచ్చి, కలిసి, నేలపై బలహీన, ప్రబల స్థానముల అల్లికను ఏర్పరచును. పొర కదలిన అల్లికయు కదలును. అదియు రెట్టింపు వేగముతో. మూడు ఏరియళ్ళను త్రిభుజాకారముగా నిలిపి, ఏ ఏరియల్‌లో మార్పు ముందు కలిగెనో గుర్తించిన పొర ఎటు, ఎంత వేగముతో సాగుచున్నదో తెలియును. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున బి. రామచంద్రరావుగారి బృందము 1950ల చివర ఈ కదలికలను కొలిచి ప్రకటించెను.

తిరుపతి సమీపమున గాదంకిలో 1990లలో పనిలోనికి వచ్చిన రాడారులో 1,024 ఏరియళ్ళు కలవు. వాటి తరంగముల దశలను సవరించి, ఏ ఏరియల్‌ను కదపకయే రాడారు చూపును ప్రక్కకు వంపుదురు. ఏరియళ్ళ మధ్య కలుగు చిన్న భేదమే దిశను తెలుపునన్న ఆడ్‌కాక్ నాటి సూత్రమే ఇచ్చటను ఆధారము.