ఒకరికి ఒక న్యాయం, మరొకరికి మరో న్యాయం

చైనా సంస్కరణల బాట పట్టింది కనుక అమెరికా దానితో వ్యాపారం పెంచుకుంది, రష్యా మొండికేసింది కనుక దూరం పెట్టింది అని సాధారణంగా చెబుతుంటారు. 1974-80 మధ్య జరిగింది చూస్తే ఆ వాదన నిలవదు.

ఈ వ్యాపారంలో తొలి అధ్యాయాలు తెలిసినవే. 1784లో అమెరికా ఓడ ‘ఎంప్రెస్ ఆఫ్ చైనా’ జిన్సెంగ్ వేళ్లతో కాంటన్ చేరింది. 1867లో రష్యా అలాస్కాను అమెరికాకు 72 లక్షల డాలర్లకు అమ్మింది. కొరియా యుద్ధంతో చైనాపై అమెరికా పెట్టిన వాణిజ్య నిషేధం 1971 దాకా సాగింది. 1972లో వాణిజ్య ఒప్పందం ముందుగా కుదిరింది మాస్కోతోనే.

దానికి అడ్డుపడింది జాక్సన్-వానిక్ సవరణ. 1975 జనవరి 3న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన వాణిజ్య చట్టంలో ఇది భాగం. పౌరులను స్వేచ్ఛగా వలస వెళ్లనివ్వని కమ్యూనిస్టు దేశాలకు ‘అత్యంత అనుకూల దేశం’ (ఇతర దేశాలతో సమాన సుంకాల) హోదా ఇవ్వరాదన్నది దాని సారం. సోవియట్ యూదుల కోసం తెచ్చిన నిబంధన ఇది. ఆ నెలలోనే మాస్కో ఒప్పందాన్ని కాదంది. దీనికి సవరణ ఒక్కటే కారణం కాకపోవచ్చు. అమెరికా ఎగుమతులకు అప్పులిచ్చే ఎగ్జిమ్ బ్యాంకు రుణాలకు నాలుగేళ్లకు 30 కోట్ల డాలర్ల పరిమితి పెట్టడం మాస్కోను ఇంకా ఎక్కువ నొప్పించిందనే వాదనలో బలముంది. 1973లో సుమారు 35 వేలున్న యూదుల వలస 1975లో 13 వేలకు పడిపోయింది. హోదా దక్కకుండానే 1979లో అది 50 వేలు దాటింది కూడా. అంటే వలసలు పెరిగినా తగ్గినా ఈ చట్టం ఒక్కదాన్నే కారణంగా చూపలేం.

అదే నిబంధన చైనాకూ వర్తించాలి. అయినా 1980 ఫిబ్రవరిలో కార్టర్ ప్రభుత్వం మినహాయింపుతో హోదా ఇచ్చేసింది. ఇద్దరికీ సమానంగా ఇద్దామన్న విదేశాంగ మంత్రి వాన్స్ మాట కన్నా చైనాకే ముందన్న జాతీయ భద్రతా సలహాదారు బ్రెజిన్‌స్కీ మాట నెగ్గింది. సవరణకు పేరిచ్చిన సెనేటర్ జాక్సన్ కూడా చైనా పక్షాన్నే నిలిచారు. అఫ్గానిస్థాన్‌పై దాడితో రష్యాకు ఉన్న కాస్త అవకాశమూ పోయింది.

హోదా దక్కినా రష్యా మరో చైనా అయ్యేదని నేననను. చమురు, లోహాలు అమ్మే దేశానికి చొక్కాలు, బొమ్మలు తయారుచేసి పంపే ఫ్యాక్టరీలు లేవు. కానీ 2000లో చైనాకు శాశ్వతంగా ఇచ్చిన హోదాను రష్యాకు 2012 దాకా ఆపడానికి సమర్థన కనపడదు. వలసలపై రష్యాతో పేచీ లేదని అమెరికా 1994లోనే ఒప్పుకుంది మరి.

ఇటీవల కూడా అవసరానిదే పైచేయి. 2025 ఏప్రిల్‌లో అమెరికా చైనా సరకుపై సుంకాన్ని 145 శాతానికి పెంచి, మే నెలలోనే తగ్గించుకోవాల్సి వచ్చింది. రష్యాతో వ్యాపారం కొద్దిపాటిదే కనుక 2022లో హోదా రద్దు చేయడం సులువైంది, కానీ యుద్ధం ఆగలేదు. ఆ రష్యా నుంచి శుద్ధి చేసిన యురేనియం దిగుమతిని నిషేధిస్తూ 2024లో చేసిన చట్టంలోనూ, తమ అణు విద్యుత్ కేంద్రాల కోసం 2027 చివరిదాకా మినహాయింపులకు చోటిచ్చారు.